ఫైలుకి దిష్టిచుక్క

మా ఆఫీసులో తప్పు లేకుండా ఫైలు రాయడం తప్పు.

నవ్వేవాళ్ళు నవ్వండి, నాకేం పోయింది. గ్రామ వసతుల శాఖ జిల్లా కార్యాలయంలో సూపరింటెండెంటు జగ్గారావు అంటే నేనే. ఉద్యోగంలో చేరిన కొత్తలో నా మొదటి ఫైలు ఒళ్ళు దగ్గరపెట్టుకుని రాశాను. కామా కూడా జారకుండా చూసుకుని మా హెడ్ గుమస్తా నరసింగరావు గారికి చూపించాను. ఆయన మొదటినుంచి చివరిదాకా చదివి తల పట్టుకున్నారు.

"ఒక్క తప్పూ లేదేమిటయ్యా? పైన దొరగారు దేన్ని దిద్దుతారు, నీ మొహాన్నా?"

అప్పుడు ఆయన నాకు మా ఆఫీసు ధర్మం బోధించారు. ఆఫీసరు కూడా మనిషే. ఫైలు చేతికొస్తే ఏదో ఒకటి చెయ్యాలి కదా. దిద్దడానికేమీ దొరక్కపోతే ఆయనకి అనుమానం వస్తుంది. అనుమానం వస్తే "చర్చించండి" అని రాసి మూల పడేస్తాడు. అదే ఒక తప్పు కనబడిందనుకోండి, ఆకుపచ్చ సిరాతో దాన్ని దిద్ది, ఈ గుమస్తాలకి నేను లేకపోతే ఏమైపోదురో అని మురిసిపోయి, ఆ మురిపెంలోనే కింద సంతకం పెట్టేస్తాడు. పసిపిల్లకి స్నానం చేయించి బుగ్గన కాటుక చుక్క పెట్టమా? ఫైలుకీ అంతే. మేము దాన్ని దిష్టిచుక్క అనే అంటాం.

దీనికి నియమాలు రెండే. చుక్క ఎవరికీ చెరుపు చెయ్యని చోట ఉండాలి. ఫైలుకి ఒక్కటే ఉండాలి. "ఒకటి పెడితే దిష్టి పోతుంది. రెండు పెడితే కొంప పోతుంది," అనేవారు నరసింగరావు గారు. ఎందుకంటే ఒకటి దొరకగానే దొరగారి ఆకలి తీరిపోతుంది. రెండోది ఎవరి కంటా పడకుండా ఊరిమీద పడుతుంది.

చెరుపు చెయ్యని చోటు ఏదంటారా? తారీఖులో పెడితే కోర్టుకెక్కుతారు. అంకెలో పెడితే ఆడిట్ వాళ్ళు పీక్కుతింటారు. ఊరి పేరులో పెడితే బోరింగు ఇంకో ఊళ్ళో పడుతుంది. తరతరాలుగా మా గుమస్తాలు వెతికి వెతికి పట్టుకున్న చోటు ఒకటే, ఇంగ్లీషు నామవాచకం వెనకాల నిలబడే ఆ చిన్నముక్క. మన తెలుగులో కి, లో, కోసం అనేవి మాట తోకకి అంటుకుని వాటి దారిన అవి పోతాయి. ఇంగ్లీషులో ఏ మాట వెనకాల ఏది నిలబడాలో ఆ మాట పుట్టినప్పుడే రాసిపెట్టి ఉంటుందట. ఫర్ రావలసిన చోట ఆఫ్ రాశామనుకోండి, ఏ ఊరి బావీ ఎండిపోదు. దిద్దడానికి తేలిక, దిద్దినవాడికి గొప్ప. అలా మా శాఖలో ఏళ్ళ తరబడి ఫైళ్ళన్నీ ఆ చిన్నముక్క దగ్గర శుభ్రంగా తప్పుతూ, శుభ్రంగా సంతకాలు పడుతూ హాయిగా నడిచాయి.

అలాంటి సమయంలో విశ్వమోహన్ గారు జాయింట్ డైరెక్టరుగా వచ్చారు.

చదువుకున్న మనిషి. అదే వచ్చింది చిక్కు. పాత దొరలు దిద్ది ఊరుకునేవారు. ఈయన దిద్దినవన్నీ ఒకచోట పేర్చుకుని చూశారు. చూసి నెల తిరక్కుండా మమ్మల్నందర్నీ మీటింగు హాల్లో కూర్చోబెట్టారు. గోడమీద పెద్ద పటం, దానినిండా ఎర్ర చుక్కలు.

"మిత్రులారా, ఈ శాఖకి ఒక వ్యాధి ఉంది. ప్రతి ఫైలులోనూ ఒకటే తప్పు. అన్ని సెక్షన్లలోనూ నామవాచకం తరవాతి పదం దగ్గరే. ఇది అజాగ్రత్త కాదు, అంటువ్యాధి. నామవాచకానికీ దాని వెనక నడిచే పదానికీ ఉన్న బంధం ప్రభుత్వానికీ ప్రజలకీ ఉన్న బంధం వంటిది. అది సడలితే పరిపాలన సడలినట్టే."

నా పక్కన కూర్చున్న జూనియర్ అసిస్టెంటు శేషుకుమారి మోచేత్తో పొడిచింది. "చెప్పెయ్యండి సార్, నిజం చెప్పెయ్యండి."

ఏమని చెప్పను? అయ్యా, అవి తమరి ముచ్చట తీరడానికి మేము ప్రేమగా పెట్టిన తప్పులండీ అని ఆఫీసరు మొహమ్మీద చెప్పిన గుమస్తా ఇంకా పుట్టలేదు. పుట్టినా పింఛను దాకా బతకడు. తల దించుకుని కూర్చున్నాను. ఆ తల దించుకోవడం చూసి ఆయన నాకు పశ్చాత్తాపం కలిగిందనుకున్నారు.

మర్నాడే సర్క్యులర్ వచ్చింది. "ఇందుమూలముగా సిబ్బంది యావన్మందికి తెలియజేయడమేమనగా, ఇకమీదట ఏ ఫైలునందైనను నామవాచకము వెనుక పదమును సిబ్బంది స్వయముగా వ్రాయరాదు. ఆ స్థానమును ఖాళీగా విడువవలెను. సదరు ఖాళీని నూతనముగా ఏర్పాటైన నామవాచకానంతర పద నిర్ధారణ విభాగము వారు పూరించి ముద్ర వేసిన పిమ్మట మాత్రమే ఫైలు కదలవలెను."

విభాగానికి అధిపతి ఎవరయ్యా అంటే, పశ్చాత్తాపం కలిగినవాణ్ణి కాబట్టి నేను. నాకు సహాయం శేషుకుమారి. సలహాదారు, ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన తరణీరావు గారు. మాకొక గది, మూడు లావుపాటి నిఘంటువులు, "పదశుద్ధి నిర్ధారించడమైనది" అని గుండ్రటి రబ్బరు ముద్ర ఇచ్చారు. అంత పేరు నోరు తిరక్క ఆఫీసులో అందరూ మమ్మల్ని చిన్నముక్కల సెక్షన్ అనడం మొదలుపెట్టారు.

తరణీరావు గారు మంచివారే. ఏది అడిగినా కళ్ళు మూసుకుని, "సందర్భాన్ని బట్టి," అంటారు. ఆ మాట వెనకాల మేము ఒక పూట గడపాలి.

గెడ్డవలస ఫైలు మా దగ్గరికి మామిడికాయల రోజుల్లో వచ్చింది. దాని వెనకాలే అసిరమ్మ వచ్చింది. గెడ్డవలసలో బడిపిల్లలకి మధ్యాహ్నం భోజనం వండే మనిషి. ఊరు గెడ్డకి, అదే వాగుకి, ఇవతల, బడి గెడ్డకి అవతల. బడికి వంటగది లేదు. ఇంటిదగ్గర వండి, అన్నం ఒకసారి, సాంబారు ఒకసారి నెత్తిన పెట్టుకుని గెడ్డలో దిగి దాటాలి. ఎండాకాలం అది గెడ్డ కాదు, తడి. వానాకాలం దాని వేషం వేరు.

"పోయినేడు మద్దిలోకెల్లేతలికి కాలు జారిపోనాది బాబూ. నెత్తిమీద తపేలా ఎల్లిపోనాది. నాను రాయట్టుకుని బతికినాను. సాంబారంతా గెడ్డ తాగీసినాది. పిల్లలు ఆ పూట ఉట్టన్నం తిన్నారు," అంది అసిరమ్మ. తను కొట్టుకుపోబోయిన సంగతి చెప్పినప్పుడు మామూలుగానే ఉంది. పిల్లలు ఉట్టన్నం తిన్నారన్నప్పుడు మాత్రం మొహం పక్కకి తిప్పుకుంది.

అడిగిందేమిటంటే రెండు సిమెంటు తూములు. గెడ్డలో పక్కపక్కన పడేసి పైన మట్టి పోసుకుంటే దారి అయిపోతుంది. మట్టి వాళ్ళే పోసుకుంటామన్నారు. ఇంజనీరు చూసి సరేనన్నాడు. ఫైలులో ఉన్నదల్లా ఒక్క వాక్యం. నీడ్ అని ఒక నామవాచకం, దాని వెనకాల సర్క్యులర్ ప్రకారం ఖాళీ, ఆ తరవాత రెండు తూములు.

తరణీరావు గారు కళ్ళు మూసుకున్నారు. "ఇక్కడ ఫర్ రావచ్చు, ఆఫ్ రావచ్చు. వాక్యం కాస్త తిప్పితే టు కూడా రావచ్చు. అంతా ఆ గ్రామస్థుల మనసులో ఏముందో దాన్ని బట్టి."

విశ్వమోహన్ గారికి ఈ మాట తెగ నచ్చేసింది. "మనసులో ఏముందో తెలుసుకోవాలంటే పిలిచి అడగడమే పద్ధతి. ఇది ప్రజాస్వామ్యం." అసిరమ్మని సాక్ష్యానికి పిలిపించారు. గుమ్మం బయట చెప్పులు విప్పి, ఏసీ గదిలో కుర్చీ అంచున కూర్చుంది.

"అసిరమ్మగారూ, మీ అవసరం తూముల కొరకు కలిగిన అవసరమా, తూముల యొక్క అవసరమా? బాగా ఆలోచించి చెప్పండి. తొందర లేదు," అన్నారు విశ్వమోహన్ గారు.

"తొందరున్నాది బాబూ. ఏరువాక దగ్గరికొచ్చీసినాది."

"అది మా ప్రశ్నకి సమాధానం కాదు."

"గెడ్డకి తూములు కావాలి బాబూ, తూములెయ్యండి. మీరు కొరకంటే కొరకు, యొక్కంటే యొక్క. నానేటి కాదంతానా?"

"సాక్షి రెండు పదాలకీ సమానంగా మొగ్గు చూపుతున్నారు," అని తరణీరావు గారు రాసుకున్నారు. విచారణ వాయిదా పడింది.

అసిరమ్మని గుమ్మం దాకా దిగబెట్టడానికి వెళ్ళాను. ఆవిడ చెప్పులేసుకుంటూ అడిగింది. "ఆ సిన్నముక్క ఎక్కడ దొరుకుతాది బాబూ? సంతలో దొరికీదైతే నానే కొనుక్కొచ్చిత్తును."

నాకు సిగ్గేసింది. ఏళ్ళ తరబడి మేము ఆడుకున్న ఆట ఈవిడ నెత్తిమీదకి వచ్చి పడిందే అని ఒళ్ళు మండింది. ఎవరిమీదో తెలియలేదు. గదిలోకొచ్చి తరణీరావు గారితో, "అయ్యా, ఫర్ అని రాసేద్దాం, పాపమో పుణ్యమో నాది," అన్నాను. ఆయన కళ్ళు తెరిచి, "రాసేద్దామనే నేనూ అనుకుంటున్నాను, ఎవరూ అడగలేదు," అన్నారు. ఫర్ రాశాం, ముద్ర గుద్దాం, పైకి పంపాం.

ఫైలు తిరిగొచ్చింది. సంతకం లేదు. ఆకుపచ్చ సిరాతో "చర్చించండి" అని ఉంది.

అదొక్కటే కాదు. మా సెక్షన్ నుంచి వెళ్ళిన ఫైళ్ళన్నీ అలాగే వచ్చేస్తున్నాయి. జ్ఞానోదయం ముందు శేషుకుమారికి అయింది. "దిష్టి తగిలింది సార్. మనం చుక్క పెట్టే చోటు వాళ్ళే మూసేశారు కదా. ఇప్పుడు ఫైళ్ళన్నీ మచ్చలేకుండా వెళ్తున్నాయి. ఆయన చదవడం, తప్పు కోసం వెతకడం, దొరక్కపోతే అనుమానం. ఇంక ఎవరు సంతకం పెడతారు?"

నరసింగరావు గారు స్వర్గంలో ఎక్కడ కూర్చున్నారో గాని, తల పట్టుకునే ఉంటారు.

ఇంతలో ఆకాశం నల్లబడటం మొదలెట్టింది. అసిరమ్మ ఇంకోసారి వచ్చింది. ఈసారి ఏమీ అడగలేదు. మా గది బయట బల్లమీద కూర్చుని, కిటికీలోంచి మబ్బు వంక చూస్తూ, "బడులు తెరిసీసినారు బాబూ," అంది, అంతే. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

చుక్క పెట్టాలి. పెట్టక తప్పదు. కానీ ఎక్కడ? చిన్నముక్కమీద ముద్ర ఉంది. ఊరి పేరు ముట్టుకుంటే తూములు ఇంకో ఊరు పోతాయి. తారీఖు మారిస్తే ఫైలే చెల్లదు. ఆలోచించి ఆలోచించి చివరికి అంకె మీదకి పోయాను. కొత్త కాగితం మీద, రెండు తూములన్న చోట ఇరవై అని టైపు చేశాను. ఆ కాస్త గెడ్డకి ఇరవై తూములేమిటి, గుడ్డివాడైనా పట్టుకుంటాడు కదా! ఆయన పట్టుకుని, నన్ను నాలుగు తిట్లు తిట్టి, ఇరవై కొట్టేసి రెండు చేసి, సంతోషంగా సంతకం పెడతారు. తిట్లు నేను తింటాను. కాగితం శేషుకుమారికిచ్చి ముద్ర వేయించి, ఫైలు చేత్తోనే పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళాను.

విశ్వమోహన్ గారు కళ్ళజోడు సర్దుకుని వేలు పెట్టి చదివారు. నీడ్ దగ్గర ఆగారు. ఫర్ దగ్గర ఆగారు. తల ఆడించారు. వేలు ముందుకి జరిగింది. ఉన్నట్టుండి ఆయన మొహం వెలిగిపోయింది.

"జగ్గారావు గారూ! ఏమిటిది?"

"పొరపాటయిపోయింది సార్, క్షమించాలి," అన్నాను ఆనందంగా.

"ఇంత పెద్ద పొరపాటా? ముద్ర తలకిందులుగా వేశారు!"

వంగి చూద్దును కదా, నిజమే. "పదశుద్ధి నిర్ధారించడమైనది" శీర్షాసనం వేసి ఉంది. ఆయన దాని చుట్టూ ఆకుపచ్చ సున్నా చుట్టి, బాణం గుర్తు వేసి, పక్కన ఒక ఇంగ్లీషు వాక్యం రాసి, "నేను చూడకపోతే ఇలాగే బయటికి పోయేది," అని తృప్తిగా నిట్టూర్చి, కింద వంకర్లు తిరిగిన సంతకం పెట్టేశారు.

"సార్, ఆ అంకె కూడా ఒక్కసారి..."

"అంకెలు అకౌంట్స్ వాళ్ళ పని. మనది భాష." ఫైలు మూసేశారు.

బయటికొచ్చి శేషుకుమారిని నిలదీశాను. ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసింది. "చుక్క పెట్టాను సార్. ఆ అసిరమ్మని చూస్తే కడుపు తరుక్కుపోయింది. మీకు చెబితే వద్దంటారేమోనని చెప్పలేదు. లోపలంతా మీరు కరెక్టుగానే రాసుంటారని..."

"నేనూ పెట్టానమ్మా," అన్నాను.

రెండు పెడితే కొంప పోతుంది.

అకౌంట్స్ వాళ్ళ దగ్గరికి పరిగెత్తాను. వాళ్ళు ఆకుపచ్చ సిరా చూసి దణ్ణం పెట్టారు. "జె.డి. గారు స్వహస్తాలతో దిద్దిన ఫైలు సార్. ఇందులో మేము వేలు పెడతామా? మార్చాలంటే కొత్త ఫైలు పెట్టించండి, మీ విభాగం నుంచి మళ్ళీ పదశుద్ధి చేయించండి." కొత్త ఫైలంటే మళ్ళీ తరణీరావు గారు కళ్ళు మూసుకోవాలి. కిటికీలోంచి చూశాను. మబ్బు దిగొచ్చేసింది. ఇరవైలో రెండు ఎలాగూ ఉన్నాయి కదా అనుకున్నాను. నోరు మూసుకుని వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. ఆ తరవాత నాకు పీడకలలు వచ్చాయి. కలలో నా పింఛను గుండ్రంగా దొర్లుకుంటూ వెళ్ళి గెడ్డలో పడేది.

వారం తిరిగేసరికి గెడ్డవలసకి లారీలు వెళ్ళాయి. మిగతావి ఎలాగైనా వెనక్కి రప్పించాలని నేనూ బస్సెక్కి వెళ్ళాను. వెళ్ళి చూస్తే గెడ్డలో రెండు తూములు పక్కపక్కన ఉన్నాయి, పైన ఆడామగా మట్టి తట్టలు మోస్తున్నారు. మిగతా తూములు కనబడలేదు.

"తక్కినవేవీ అసిరమ్మా?"

"ఇచ్చీసినాను బాబూ."

"ఇచ్చేశావా! ఎవరికి?"

"ఈ గెడ్డ మా ఒక్క ఊరిదేటి బాబూ? పైనా ఊళ్ళున్నాయి, కిందా ఊళ్ళున్నాయి. ఆళ్ళ కాయితాలు కూడా మీ ఆపీసులోనే ఉన్నాయంట, సిన్నముక్క దొరకలేదంట. బళ్ళు కట్టుకొచ్చి అడిగినారు. మీరు అందరికీ కలిపి మా ఊరికి పంపినారనుకున్నాను." ఆవిడ నా మొహం చూసి అనుమానంగా ఆగింది. "కాదేటి?"

గెడ్డ పొడుగునా ఊళ్ళన్నీ మా గదిలో బీరువాలో ఉన్నాయి. అన్నిటి వెనకాలా ఖాళీలు. "అవునమ్మా, అందరికీ కలిపే పంపాం," అన్నాను. అబద్ధమే, కానీ నోటికి చేదుగా లేదు.

మా శాఖ ఆడిట్ వాళ్ళు ఊరుకుంటారా? పట్టుకున్నారు. రెండు తూములకి ఇంజనీరు అంచనా వేస్తే ఇరవై ఎలా వెళ్ళాయో సంజాయిషీ ఇవ్వాలంటూ నాకొక మెమో తయారుచేశారు. జవాబు బాగోకపోతే సొమ్మంతా నా జీతంలోంచీ పింఛనులోంచీ కోస్తారు. చిత్తుప్రతి ఇంగ్లీషులో రాశారు, సంతకానికి సిద్ధం చేశారు. పంపుదామనేసరికి సర్క్యులర్ అడ్డొచ్చింది. ఎక్స్‌ప్లనేషన్ అనేది నామవాచకం. దాని వెనకాల పదం స్వయంగా రాయకూడదు. ఖాళీ వదిలి, పదశుద్ధికి పంపాలి.

పంపారు. నా బల్లమీదకే వచ్చింది.

నేను రూలు ప్రకారమే నడుచుకున్నాను, నన్నెవరూ వేలెత్తి చూపలేరు. తరణీరావు గారి ముందు పెట్టాను. ఆయన మెమో చదివారు, నా వంక ఒకసారి చూశారు, చాలాసేపు కళ్ళు మూసుకున్నారు. "ఇది చాలా జటిలమైన సందర్భం జగ్గారావు గారూ. సంజాయిషీ అడిగేవారి మనసులో ఏముందో తెలియకుండా నేను చెప్పలేను." అందుచేత ఆడిట్ వారిని సాక్ష్యానికి పిలిచాం. తమ మనసులో ఏముందో ఒకాయన ఒకలా చెప్పారు, ఇంకొకాయన ఇంకోలా చెప్పారు. వాయిదా వేశాం. విశ్వమోహన్ గారిని ఈ విభాగం స్థాపించినందుకు సన్మానించి, రాష్ట్రమంతా ఇలాంటివి పెట్టించమని రాజధానికి పిలిపించుకున్నారు. వెళ్తూ వెళ్తూ నా భుజం తట్టి, "పదం విషయంలో రాజీ పడకండి," అన్నారు. పడను సార్ అని మాటిచ్చాను. ఆ మాట మీదే ఉన్నాను.

శ్రావణంలో ముసురు పట్టినప్పుడు మళ్ళీ గెడ్డవలస వెళ్ళాను, పనేమీ లేదు, ఊరికే. గెడ్డ ఎర్రగా, నురుగులు కక్కుతూ తూముల్లోంచి దూకుతోంది. పైన మట్టిదారి మీద అసిరమ్మ నెత్తిన తపేలా పెట్టుకుని, గొడుగు చేత్తో పట్టుకుని నడిచి వస్తోంది. పాదాలకి బురద తప్ప గెడ్డ నీళ్ళు అంటలేదు. నాకు ఎందుకో కళ్ళు చెమర్చాయి. వాన కదా, ఎవరూ చూడలేదు.

బడి అరుగు మీద పిల్లల వరసలో నాకూ పళ్ళెం వేసింది. అన్నంలో గుంట చేసి సాంబారు పోసింది. సాంబారు వేడిగా ఉంది, పొగలు వస్తున్నాయి. ఇంకో గరిట పోస్తూ అడిగింది.

"ఆ సిన్నముక్క దొరికినాదేటి బాబూ?"

నాకు ఆ మెమోలో ఖాళీ గుర్తొచ్చింది. "ఇంకా లేదమ్మా. వెతుకుతున్నాం."

"ఎతకండి బాబూ," అంది అసిరమ్మ, పక్క పిల్లాడికి అన్నం వడ్డిస్తూ. "మెల్లిగా ఎతకండి. ఇప్పుడు తొందరేటి లేదు."